గొర్రెలు తొక్కిన రేటు

పొద్దుగాల దొడ్డి ఊడ్సి, గొర్రెలకు నీళ్లు వెట్టి, సద్ది కట్టుకోని కొత్తకోట కాలేజీ బస్సెక్కుడు శైలజ రోజు పని. తొవ్వల హైవే పక్కపొంటి వెంచరుంటది. ప్లాట్ల రేటు పెరిగినకాన్నుంచి అక్కడ నేల లేస్తాంది. పోయినేడు మోకాలెత్తు. ఇప్పుడు తాడెత్తు. రేటు పెరిగితే జాగ లేవదా మల్ల? బస్సుల ఎవ్వలు తలగూడ తిప్పి సూడరు.

ఆ దిబ్బ మీదనే జానయ్య ఆఫీసు. శైలజ నాయిన గుర్వయ్యకు వరుసకు అల్లుడు.

"ప్లాటు కొనుడు పాత ముచ్చట మామా. ట్రస్టుల యూనిట్లు కొను. బిల్డింగులు ట్రస్టువి, కిరాయిలల్ల వాటా నీది," అన్నడు.

గుర్వయ్యకు అది గొర్రెను పాలుకిచ్చుడు లెక్కనే అనిపించింది. ఇంకొకల మందల గొర్రెనిడిస్తే పిల్లలల్ల సగమొస్తయ్, తల్లి మనదే. గొర్రె సస్తే మేపెటోడు తోలు తెచ్చి సూపియ్యాలె. కురుమోళ్లల్ల గది కట్టుబాటు. గా నమ్మకంతోనే ముప్పై గొర్రెలమ్మి యూనిట్లు కొన్నడు.

మూడు నెలలు కిరాయొచ్చింది. నాలుగో నెల బంద్. యూనిటు రేటు సగానికి పడ్డది. ప్లాట్ల రేటు మాత్రం పెరుగుతనే ఉంది, దిబ్బ లేస్తనే ఉంది.

జానయ్య వచ్చి మంచం మీద కూసున్నడు. "గిప్పుడే ఇంకిన్ని కొనాలె మామా. సగం రేటుకే దొర్కుతున్నయ్."

"కిరాయేది బావా?" శైలజ అడిగింది.

"బిల్డింగులు ఖాళీగున్నయ్ పిల్లా. జర ఓపిక వట్టు."

"ఖాళీగుంటే మూడు నెలలు ఎవ్వలిచ్చిన్రు, దయ్యాలా? పక్కింటి పుష్పక్క కట్టిన పైసలే మాకిచ్చిన్రు. మాయి ఇంకెవ్వలకో ఇచ్చిన్రు. గంతే గదా?"

"ఇంటరు సదివేదానివి, నీకేం ఎర్క!"

గడప మీద కూసున్న గుర్వయ్య తల్లి బీరమ్మవ్వ అందుకుంది. "మా గొర్రె సచ్చిందంటవ్. తోలేది?"

"ట్రస్టుకు తోలెక్కడిది అవ్వా!" జానయ్య పక్కున నవ్విండు.

"తోలు లేనిదాన్ని పాలుకెట్ల తీస్కపోయినవ్‌రా, సిగ్గులేనోడా!"

గుర్వయ్య మాత్రం తలకాయ వంచుకోని, "పోయినకాడ్నే దేవులాడుకోవాలె," అన్నడు. మిగిలిన ఇర్వై గొర్రెలు గూడ అమ్ముతనన్నడు. శైలజకు ఒళ్లు మండింది.

తెల్లారి బేరగాని లారీ దిబ్బ మీది ఆఫీసు కాడికే వస్తదన్నరు. గొర్రెలు లారీల, పైసలు జానయ్య చేతుల, ఒక్కతాన్నే పని అయిపోవాలెనట. శైలజ కాలేజీ ఎగ్గొట్టి నాయినెంట మందను తోలింది. గేటు కాడ వాచ్‌మెన్ మారయ్య కట్టె అడ్డం వెట్టిండు.

"గొర్రెలకు లోపల మనా. రోడ్డు మీదనే నిలవెట్టున్రి."

"మా ముప్పై గొర్రెలను మింగిన జాగ ఇది, తాతా. మిగిలినయ్ జర సూసిపోతయ్," అని శైలజ గేటు తోసింది.

మంద దిబ్బెక్కింది. ఇర్వై గొర్రెలు, ఎనభై గిట్టలు. గిట్ట పడ్డకాడల్ల నేల స్స్‌మనబట్టె, రొట్టెను వేలితోని ఒత్తితే ఆవిరి పోయినట్ల. దిబ్బ నెమ్మదిగ దిగింది. ఆఫీసు దిగింది, ఏసీ దిగింది, కుర్సీల కూసున్న జానయ్య గూడ దిగిండు. ఆఖరికి రోడ్డుకు సమంగ వచ్చి ఆగింది. కింద బంగారమేం లేదు. ఎప్పటి చౌడు నేలనే, రెండు తుమ్మచెట్లు.

జానయ్య బయటికి ఉరికొచ్చిండు. "మామా! నీ గొర్రెలు రేటు తొక్కేసినయ్! దీనికి ఎవ్వలు జిమ్మెదారి?"

గుర్వయ్య వంగి ఒక గొర్రె కాలు లేపిండు. రెండు వేళ్లంత గిట్టను జానయ్య మొఖం ముంగట వెట్టిండు.

"ఇది తొక్కితేనే దిగిందా? గింత గుల్లదాన్ని గంత ఎత్తు జేసి నాతోని కొనిపిస్తివి గదరా!"



ఎక్కనీకి దిబ్బ లేకపోయేసరికి లారీ సక్కగ లోపటికొచ్చింది. డ్రైవరు వెనకతలుపు దించి, "ఎక్కియ్యాల్నా పెద్దాయినా?" అనడిగిండు.

గుర్వయ్య నడుసుకుంట పోయి ఆ తలుపు తనే లేపి గొళ్లెం పెట్టిండు.

"శైలా, నువ్ ముంగట నడువు," అన్నడు. "ఎనకెనక నేను తోల్కొస్త."