తూటు పూడ్చిన తుపాకి

నేను ఒక పాత సైనిక తుపాకిని. ఒక యుద్ధంలో పనిచేశాను. ఎవరి కోసమో నాకు తెలియదు, నన్ను మోసినవారికీ అంతగా తెలిసినట్టు లేదు. వయసు మీరాక ఆయుధశాలలో ఒక మిస్త్రీ నా గొట్టంలో, తూటా కూర్చునే చోట, అడ్డంగా రంధ్రం చేశాడు. ఇక కాల్చరాదని దాని అర్థం. ఆపైన ఇరవై ఏళ్లు ఒక కళాశాల మైదానంలో విద్యార్థుల భుజాలెక్కి కవాతు చేశాను. పేలకుండా బతకడం నేర్చుకున్నాను.

చివరికి తుక్కులో అమ్ముడై, అడవి అంచున మక్కచేను వేసుకునే భూమన్న చేతికి వచ్చాను. అడవిపందులు రెండేళ్లుగా అతనికి గింజ మిగల్చలేదు. కమ్మరి నర్సాచారి నా రంధ్రంలో ఇత్తడి కరిగించి పోసి, ఆకురాయితో సాపుచేసి, నల్లరంగు పూశాడు. పైకి నిగనిగలాడాను. లోపల నిలకడ లేదు. కాలిస్తే ఆ ఇత్తడి ఆగదు. అది ఎగిరే దారిలో భూమన్న చెంప ఉంటుంది. చెప్పడానికి నాకున్నది ఒక్కటే మాట. ఆ మాటే అతన్ని చంపుతుంది.

కొలిమి ముందే పరీక్షిద్దామని భూమన్న తూటా పెట్టి నన్ను ఎత్తాడు. అతని భార్య లసుంబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

“చారన్నా, ఆ తూటు ఎవలు పెట్టిండ్రు?”

“పట్నంల ఎవడో. నేను పూడ్సిన గద, చెల్లె! కొత్త పెండ్లికొడుకు లెక్క లేదా?”

“పెట్టినోడు పిచ్చోడా మరి?”

“పందులకు మంగళారతి పడుతవానే? జరుగు,” అని భూమన్న విసుక్కున్నాడు.

ఆమె నన్ను లాక్కుని నర్సాచారి చేతిలో పెట్టింది.

“నువ్వే కాల్సు.”

“నాకు గురి రాదు.”

“పందిని కొట్టమన్ననా? మొగులును కొట్టు. గంత మొగులు గుడ తప్పిపోతదా?” అని ఆమె ఆకాశం చూపింది.

నర్సాచారి నవ్వబోయాడు. నన్ను భుజానికి ఆనించి చెంప చేర్చాడు. వేలు మీటను తాకి ఆగింది. పేలకూడదని కోరుకున్నాను, కోరిక ఇనుమును ఆపదనీ తెలుసు. అతడు నన్ను దించాడు.

“నాకు పిల్లలున్నరు, చెల్లె.”

“గాయినకు లేరా?” అని ఆమె భర్త వైపు చూసింది.

నర్సాచారి తూటా తీసేసి, రంపం అందుకుని నా గొట్టం మీద పెట్టాడు. భూమన్న మొదట మొహం తిప్పుకున్నాడు. తరువాత వచ్చి, నేను కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

పందులు ఇంకా వస్తూనే ఉన్నాయట. నేను తుక్కులో ఉన్నాను. నాకు నోరు లేదు, నర్సాచారికి ఉంది. తన చెంప ఆనించేదాకా అతనికి నిజం తెలియలేదా, తెలిసే ఊరుకున్నాడా? ముక్కలైన తరువాత కూడా ఈ ప్రశ్న నన్ను పడుకోనివ్వడం లేదు.