అరవై ఎనిమిది నుంచి నలభైకి

చీనీకాయల లారీ నుంచి దాన్ని దించడానికి నలుగురు మగవాళ్లు కావలసి వచ్చింది. దించి మా వాకిట్లో పెట్టాక డ్రైవర్ యేసన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏమ్మా జయంతీ, కొత్త పెండ్లాం కోసం మీ ఆయన పట్టిన చేప ఇది. ముల్లు తీసి వండుకోమన్నాడు," అన్నాడు.

యేసన్న మంగళూరికి చీనీకాయలు, అదే బత్తాయిలు, తోలుతాడు. తిరుగు దారిలో మల్పె బీచ్‌లో ఆగి దీన్ని ఎక్కించుకొచ్చాడు. మా ఆయన ఓబుళేసు బావకు మల్పెలో పని. టూరిస్టులను సముద్రంలో జెట్ స్కీలనే మోటారు బండ్ల మీద తిప్పుతాడు. ఇది అలాంటి బండే, కానీ కూర్చునే రకం కాదు, నిలబడి నడిపే రకం. ఇంజను లేదు, సీటు లేదు. ఏడడుగుల పొడవున ముక్కు మొనదేలిన ఫైబర్ డొల్ల ఒక్కటే వచ్చింది. తెల్లరంగు పెచ్చులూడింది. నిలబడే చోట అడుగుపలకను బావ ముందే కోసేశాడు. ఆ కంతలోంచి పసుపుపచ్చ ఫోమ్ కనపడుతోంది. వేలితో నొక్కితే నీళ్లొచ్చాయి. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. నేను సముద్రాన్ని చూడటం అదే మొదలు.

మా అత్త ఆంజినమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుండాది. తొట్టి చేస్తే నలభై గొర్రెలు వరసగా నీళ్లు తాగుతాయి," అంది.

అప్పటికి మా పెళ్లయి నలభై ఒక్క రోజులు. అందులో బావ నా దగ్గరున్నవి పదకొండు. సెలవులు మొదలైతే బీచ్‌లో జనం, జనం ఉంటే ఓనరు లీవివ్వడు. నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్లను. బీయస్సీ చదివాను. అత్త మా నాయనకు సొంత అక్క, కాబట్టి ఈ ఇల్లు నాకు కొత్త కాదు. ఈ నిశ్శబ్దమే కొత్త. ఎనిమిది గంటలకు అత్త గొర్రెలను తోలుకుపోతే పొద్దు గూకేదాకా రాదు. కళ్యాణదుర్గం రోడ్డు మీద పోయే ఆటో చప్పుడు విని కూడా నేను వాకిట్లోకి వచ్చేదాన్ని.

ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"ఓనరు పారేస్తాండె. బాగుచేసుకోగలిగితే నీదే అన్నాడు. ఆరేండ్లుగా ఊరోళ్ల బండ్లే నడిపినా జయంతీ. నాదని ఒకటి లేదు."

"ఇంత బరువుండాదే బావా?"

"అదే కష్టం. లోపల ఫోమ్ నీళ్లు తాగింది. ఈడ ఆరబెడితే పొద్దున ఆరింది సాయంత్రానికి మళ్లీ తడుస్తాది. మన ఊర్లో అయితే తడిగుడ్డ తీగ మీద వేసేలోపలే ఆరిపోతాది. అందుకే పంపినా. తడిసిన ఫోమంతా తవ్వెయ్, పాత పెయింటు గీకెయ్, మిగతాది ఎండకు వదిలెయ్. నలభైకి దిగితే నేనే వచ్చి తీసుకుపోతా."

నలభై కేజీలు. ఆ మాట పట్టుకున్నాను నేను.

పక్కింటి ఎర్రప్ప మామ వేరుశనగ కొంటాడు. సీజను అయిపోయింది కాబట్టి ఆయన ఇనుప కాటా ఖాళీగా ఉంది. దాన్ని తెచ్చి మా పంచలో వేశాడు. నేనూ అత్తా డొల్ల ముక్కును కాటా మీదికి ఎత్తి, వెనకనుంచి తోశాం. అరవై ఎనిమిది. పెన్సిల్‌తో ఆ అంకె రాయడానికి కాగితం వెతకలేదు. ముక్కు లోపలి గోడ మీదే తేదీ వేసి రాశాను. రేపు మళ్లీ పలక వేసి మూసేస్తే అక్కడ ఎవరికీ కనపడదు.

మరుసటి రోజు నుంచి బావ పాత ఫుల్ చొక్కా వేసుకుని, ముక్కుకు చున్నీ చుట్టుకుని, కలుపు తీసే తొలిక పట్టుకుని లోపలికి దూరాను. ఆ ఫోమ్‌ను తవ్వుతుంటే తడి జున్ను కోసినట్టే ఉండేది. ఒక ముక్కలో గోరంత గవ్వ దొరికింది. దాన్ని కడిగి కుంకుమ బరిణెలో దాచుకున్నాను. పాత రబ్బరు మ్యాట్లు పీకాను. ఉప్పుకాగితంతో పెయింటు రుద్దితే కింద ఒక నీలం గీత బయటపడింది. ఎవరో ఎప్పుడో ముచ్చటపడి వేయించుకున్న గీత. దాన్ని మాత్రం రుద్దకుండా వదిలేశాను. ఫైబర్ పొడి మెడకు తగిలితే దురద. అత్త ఆముదం రాసి, "పెండ్లికూతురికి పసుపు రాస్తారు. నీకు ఇది," అని నవ్వింది.

లోపల చేయి పోని మూలల్లో ఉన్న ఫోమ్ ఎండకే ఆరాలి. అది ఆరేకొద్దీ డొల్ల అంచుల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. సాయంత్రం గొర్రెలు వచ్చి దాన్ని నాకేవి. వాటి నాలుకల చప్పుడు ఎంత బాగుండేదో చెప్పలేను. పగలంతా నేను విన్న మొదటి చప్పుడు అదే అయ్యేది చాలా రోజులు.

మధ్యాహ్నాలు మరీ పొడుగు. వేపాకు కూడా కదలదు. అప్పుడు డొల్లలో కూర్చుని రుద్దుతూ, గుంతకల్లు స్టేషన్ మైకులో చెప్పినట్టు పైకే చెప్పుకునేదాన్ని. "దయచేసి వినండి. మల్పె నుంచి చిత్రదుర్గం మీదుగా కళ్యాణదుర్గం రావలసిన ఓబుళేసు ఆలస్యంగా నడుస్తున్నాడు." డొల్ల లోపల నా గొంతు గుండ్రంగా మోగేది. ఒకసారి ఎర్రప్ప మామ గోడ మీంచి తొంగి చూసి, "ఎవురొచ్చినారమ్మా?" అన్నాడు. "ఎవరూ రాలేదు మామా," అన్నాను.

సంతకు పోయినప్పుడు బస్టాండులో అడిగి, చిత్రదుర్గం నుంచి మా వైపు వచ్చే చివరి బస్సు సాయంత్రం ఏడున్నరకు బయల్దేరుతుందని తెలుసుకున్నాను. అది కూడా ముక్కు లోపలే రాశాను, రాబోయే బరువులకు చోటు వదిలి అట్టడుగున.

రోజూ బీచ్ మూశాక బావ ఫోన్. పలకరింపు లేదు, "ఎంతకు దిగింది?" అనే.

"యాభై ఏడు."

"శభాష్. తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

"ఇంగ తినాల. సరే, పెడతాండా."

అంతే. ఫోన్ పెట్టేశాక నేను ఆ రెండు మాటలనూ మళ్లీ మళ్లీ అనుకుని, అన్నంలో నంజుకున్నట్టు నంజుకునేదాన్ని.

యాభై రెండు. నలభై ఎనిమిది. నలభై అయిదు. నలభై మూడు అని చెప్పిన రోజు నాకు కాలు నిలవలేదు. కొత్త చీర తీసి ఉతికి ఆరేశాను కూడా.

బావ గట్టిగా నవ్వాడు. "అయితే ఇద్దరు మనుషులు ఎత్తొచ్చు. నలభైకి రాగానే యేసన్న లారీలో ఎక్కించు. నేను రానక్కర లేదులే. లీవు అడిగితే ఓనరు మొగం మాడ్చినాడు."

"నువ్వొస్తానంటివే?"

"బరువుందని అన్నా కదా. ఇప్పుడు తేలికైపాయె. అంతా నీ పనే జయంతీ." మెచ్చుకుంటూనే అన్నాడు.

ఆ మరుసటి రోజు కాటా నలభై రెండు చూపించింది. లోపల నలభై రెండు అని రాశాను. ఫోన్‌లో మాత్రం, "నలభై మూడే," అన్నాను. ఆ తర్వాత నలభై ఒకటి, నలభై. ఫోన్‌లో మాత్రం నలభై మూడు, నలభై మూడు.

నాలుగో రోజు బావ, "కాటా చెడిపోయిందేమో. రేపు ఎర్రప్ప మామను చూడమని చెప్పినా," అన్నాడు.

మాకు కొళాయి నాలుగు రోజులకు ఒకసారి వస్తుంది. పొద్దున్నే అత్త గొర్రెలతో పోగానే బిందె ఎత్తుకుని డొల్ల దగ్గరికి పోయాను. ముక్కు మూలలోని ఫోమ్ మీద చెంబుతో పోశాను. నెల రోజులు ఎండిన ఫోమ్ గుటగుటా తాగింది. మూడు చెంబులకు కాటా ముల్లు నలభై మూడు మీద నిలబడింది. నేను ఆరబెట్టినదాన్ని నేనే తడిపాను. ఎర్రప్ప మామ వచ్చి, తన ఇరవై కేజీల తూకపు గుండ్లు రెండు కాటా మీద పెట్టి చూసి, "కాటాది తప్పేం లేదు. మీ పడవే మొండిది," అని బావకు ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రం బావ గొంతులో నవ్వు లేదు.

"ఇన్ని దినాలు ఆ ఎండకు కూడా ఆరలేదంటే ఫోమ్ లోపల కుళ్లిపోయింది. ఇంగ దిగదు. ఇంత బరువుతో అల మీద ఎగరదు. వదిలెయ్ జయంతీ. అమ్మను గొర్రెలకు తొట్టి చేసుకోమను."

"ఇంకో వారం చూద్దాం బావా."

"వద్దు. ఊరికే నీ చేతులు పుండ్లు చేసినా." ఫోన్ పెట్టేశాడు. తిన్నావా అని కూడా అడగలేదు.

నేను పంచలోనే కూర్చున్నాను. అత్త గొర్రెలను దొడ్డికి తోలి వచ్చి, డొల్ల కింద నేల మీద తడి చూసి ఆగింది. ఒంగి వేలితో అంటి చూసింది.

"నెల దినాలు ఎండలో ఉండేదానికి ఈ నీళ్లు యాడివే?"

అత్త బిందెలోకి తొంగి చూసింది. మళ్లీ నా మొగం చూసింది.

"తాగే నీళ్లే నాలుగు దినాలకు వస్తాండాయి. వాడు రావల్లని దీనికి పోస్తివా? వానికి బరువొకటే అర్థమైతాది. వాళ్ల నాయన కూడా అంతే. నోరు తెరిచి చెప్తే గాని తెల్దు. ఫోన్ చెయ్."

చేశాను. ఎత్తగానే, "నలభైకి దిగింది బావా," అన్నాను. "ముందే దిగింది. అబద్ధం చెప్పినా. పొద్దున నీళ్లు పోసినా."

అలల చప్పుడు మీదుగా బావ అడిగాడు.

"ఎందుకు పోసినావు?"

"నలభైకి దిగితే యేసన్న వస్తాడు. దిగకపోతే నువ్వొస్తావనుకున్నా."

"రమ్మని చెప్పకూడదా?"

"నెల దినాలుగా అదే చెప్పినా కదా బావా. కేజీల్లో చెప్పినా."

ఆయన వెనక ఎవరో కన్నడలో పిలిచారు. "పోవల్ల. మళ్లీ ఆరబెట్టి పంపు," అని పెట్టేశాడు. కోపమో కాదో ఆ గొంతులో తెలియలేదు.

నాలుగు రోజుల ఎండకు మళ్లీ నలభై వచ్చింది. అయిదో రోజు యేసన్న లారీ. వెనక నేను, ముందు యేసన్న. ఇద్దరమే ఎత్తి చీనీకాయల బుట్టల మీద పడుకోబెట్టాం. "చేప బాగా చిక్కిపోయిందే," అన్నాడు యేసన్న. లారీ రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నీలం గీత కనపడుతూనే ఉంది.

వాకిట్లో అది ఉన్న చోట, పెయింటు పొడి పడని నేల ఏడడుగుల పొడుగున ముక్కుతో సహా అలాగే మిగిలిపోయింది. రెండు రోజులు ఊడవలేదు. సాయంత్రం గొర్రెలు వచ్చి అక్కడ మూతి పెట్టి చూసి, ఏమీ లేక పోయేవి. నేను చేసేది కూడా ఇంచుమించు అదే. బావ ఫోన్ చేస్తాడు, కానీ అడగడానికి అంకె లేదు. "తిన్నావా?" "తిన్నా." ఆ తర్వాత మాటల కోసం ఇద్దరమూ వెతుక్కునేవాళ్లం.

మూడో రోజు వీడియో కాల్ వచ్చింది. ఫోన్ దేనికో ఆనించి పెట్టి, బావ ఇసుకలో వెనక్కి నడిచాడు. కొంచెం నల్లబడ్డాడు. డొల్లను నడుము దగ్గర పట్టుకుని, ఒక్క ఊపుతో భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఒక్కడే. వెనక సముద్రం, పైన నేను వదిలేసిన నీలం గీత. నాకు ఎంత సంతోషం వేసిందంటే చప్పట్లు కొట్టాను. ఇంట్లో ఆ చప్పట్లు వినడానికి ఎవరూ లేరు.

దాన్ని దించి ఫోన్ దగ్గరికి వచ్చాడు. రొప్పుతున్నాడు.

"ఏం చేస్తాండావు?"

"ఏమీ లేదు. కాటా మీద నిలబడినా. ఎర్రప్ప మామ రేపు తీసుకుపోతాడంట."

"ఎంత ఉండావు?"

"నలభై తొమ్మిది."

"పెండ్లప్పుడు యాభై రెండంటివే."

"నేనూ మూడు దిగినా బావా."

బావ నవ్వలేదు. ఫోన్ పట్టుకుని డొల్ల దగ్గరికి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తల పెట్టాడు. తెర మీద చీకటి, తర్వాత నా పెన్సిల్ రాత. అరవై ఎనిమిది దగ్గర్నుంచి ఒక్కో అంకె మీదా ఆయన వేలు మెల్లగా కిందికి వచ్చింది. చిట్టచివరి వరస దగ్గర ఆగింది.

"ఈడ రాసినావే, చిత్రదుర్గం బస్సు ఏడున్నర అని. ఇప్పుడూ అదే టైమా?"

డొల్ల లోపల ఆయన గొంతు గుండ్రంగా మోగింది, నా గొంతు మోగినట్టే.

"అదే," అన్నాను.