తొక్కాలా, మొక్కాలా

నేను ఒక రబ్బరు పలకను. అయిదు మూలలు, తెల్ల రంగు, రెండు జానల వెడల్పు. బేస్‌బాల్ ఆటలో నన్ను హోం ప్లేట్ అంటారు. బంతిని కొట్టిన పిల్ల మూడు బేస్‌లూ చుట్టి వచ్చి, చివరికి నన్ను తొక్కితే ఒక పరుగు. తొక్కకపోతే ఆ పరుగంతా దండగే. అంటే నేనున్నదే తొక్కించుకోవడానికి. ఇందులో అర్థం కానిదేముంది అంటారేమో. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

అంతకుముందు నేను గనిలో బొగ్గు మోసే బెల్టులో ఒక ముక్కను. బెల్టు అరిగిపోయాక పాత సామాన్ల కొట్లో పడి ఉంటే, మందమర్రిలో ఒక ఆడపిల్లల బడి డ్రిల్లు మాస్టారు రాజలింగం సారు తెచ్చి, కోసి, రంగు వేశారు. పిల్లలంతా క్రికెట్ అంటూ పరిగెత్తే ఊళ్లో ఈయనకు బేస్‌బాల్ నేర్పాలని ఎందుకు బుద్ధి పుట్టిందో దేవుడికే తెలియాలి. ఆయన నేర్పే పద్ధతి ఒక్కటే, అరవడం. తప్పు చేస్తే అరుస్తారు, బాగా ఆడితే ఇంకొంచెం గట్టిగా అరుస్తారు. పిల్లలకు ఆ తేడా ఎలా తెలిసేదో మరి.

దసరాకు సారు బ్యాట్లనీ గ్లౌజుల్నీ నన్నూ వరుసగా పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టించారు. "ఇయ్యి మనకు దేవుళ్ల లెక్క. వీటికి కాలు తగిలిందంటే ఊకోను" అన్నారు పిల్లలతో. నాకు ఒళ్లు పొంగిపోయింది. సెలవులు అయ్యాయో లేదో, అదే సారు నన్ను మైదానంలో పరిచి, "తొక్కుండ్రి, గట్టిగ తొక్కుండ్రి" అని మొదలుపెట్టారు. బుర్ర గోక్కుందామంటే నాకు బుర్ర కూడా లేదాయె. మిగతా మూడు బేస్‌లూ కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచులు. వాటికి బొట్టూ లేదు, ఈ బాధా లేదు.

పిల్లలందరూ తొక్కేశారు, భాగ్య తప్ప. భాగ్య ఎనిమిదో తరగతి, గని కార్మికుడి కూతురు, జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల. అంత వేగంగా వచ్చీ నన్ను దాటి దూకేసేది. సారు అరిస్తే ఇంకా ఎత్తుకు దూకేది. మా మైదానంలోనే జరిగిన జిల్లా పోటీల్లో సెమీఫైనల్ రోజున కూడా అదే చేసి ఔటైంది. మిగతా పిల్లల పుణ్యమా అని జట్టు గట్టెక్కింది. "ఫైనల్ల భాగ్యను ఆడనియ్య" అనేశారు సారు. ఆ పిల్ల నా పక్కనే కూలబడి ఏడ్చింది. జట్టులో లేకపోతే ఆటే వద్దని ఇంట్లో మాన్పించేస్తారని దాని భయం.

అప్పటికే రజిత మేడం అని బడికి కొత్తగా ఒక కోచ్ వచ్చి ఉన్నారు. ఆమెది మరో వింత పద్ధతి. అడుగుతారు, అడిగి జవాబు కోసం ఆగుతారు.

"ఎందుకు దుంకినవ్ భాగ్యా?" అన్నారు పక్కన కూర్చుని.

"కాలు వస్తలేదు మేడం."

"ఎందుకు వస్తలేదు?"

"బొట్టు వెట్టినం గద మేడం. కాలు తగలొద్దని సారే చెప్పిండ్రు."

అప్పుడు సారు ముఖం చూడాలి మీరు. "అది పూజ ముచ్చట, ఇది ఆట ముచ్చట. పొద్దుందాక తొక్కిపిస్తే అదే వస్తది" అన్నారు.

"భయానికి తొక్కితే రేపు మళ్ల దుంకుతది సార్. ఏం చెయ్యాల్నో ఆమెనే ఆలోచించుకోనియ్యుండ్రి."

"ఈమె ఆలోచించుకునేదాక ఫైనల్ ఆగుతదా మేడం?"

సారు మాట్లాడుతుంటే ఆయనదే న్యాయం అనిపించింది, మేడం మాట్లాడుతుంటే ఆమెదే. ఎటూ తేల్చుకోలేక చచ్చాను. చివరికి సారే తగ్గి, "సరే, ఆడనియ్యి. మళ్ల దుంకిందా, ఇగ టీంల ఉండది" అన్నారు.

ఫైనల్లో ఆఖరి ఇన్నింగ్స్, స్కోరు సమానం. భాగ్య మూడో బేస్ నుంచి నా మీదికే వస్తోంది. అవతలి జట్టు క్యాచర్ గ్లౌజులో బంతి పట్టుకుని నా ముందే కాచుకుని ఉంది. ఆ గ్లౌజు తగిలితే ఔటే. సారు "తొక్కు" అని గొంతు చించుకుంటున్నారు. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు దేవుణ్ణి కావాలని లేదు. తొక్కవే తల్లీ అనుకున్నాను.

తొక్కలేదు. దూకనూ లేదు. కాస్త దూరంలోనే బోర్లా పడి, దుమ్ములో జారుతూ వచ్చి, క్యాచర్ గ్లౌజు కిందుగా నా మీద అరచెయ్యి పెట్టింది. అంపైర్ రెండు చేతులూ చాచి "సేఫ్" అన్నాడు. చెయ్యి తాకినా చాలట, రూల్సులో ఉందట, నాకే తెలియదు. భాగ్య పైకి లేవకుండానే ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.

పిల్లలంతా దాన్ని ఎత్తుకుని గంతులేస్తుంటే, సారు మేడం పక్కకు వచ్చారు. "మంచిగ నేర్పినవ్ మేడం" అన్నారు మెల్లగా.

"నేనా? మీరు నేర్పిండ్రనుకున్న సార్."

ఇద్దరూ కలిసి నా వంక చూశారు. నాకేం తెలుసు? మర్నాటి నుంచి సారు ప్రతి పిల్లనూ మోచేతులు దోక్కుపోయేలా దుమ్ములో పొర్లించారు, ఈ విద్య మొదటి నుంచీ తనదే అన్నట్టు.

తరువాత బడికి కంపెనీ ప్లేట్లు వచ్చాయి. నేనిప్పుడు ఆటసామాన్ల గది గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాను. రంగు పోయింది, బొట్టు ఎప్పుడో పోయింది. పిల్లలు తుడుస్తారు, రజిత మేడం కూడా తుడుస్తారు. నాకేం బాధ లేదు. రిటైరైన రాజలింగం సారు అప్పుడప్పుడూ ఆట చూడటానికి వస్తుంటారు. వచ్చినప్పుడల్లా నన్ను తప్పుకుని పక్కగా లోపలికి పోతారు.

మొన్న మేడం నవ్వారు. "అది కాళ్లు తుడుసుకునేదే సార్. తొక్కుండ్రి."

సారు కాలెత్తారు. నా మీద గాల్లో కాసేపు అలాగే ఉంచి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

"ఏమో మేడం, కాలు వస్తలేదు" అన్నారు.