ఎర్రగుంటపల్లి ఆకువక్క

పర్వతాలు నలభై ఏళ్ల నుంచి ఆడమనిషి. ఏడాదిలో ఓ అరవై రోజులు మాత్రమే లెండి. మిగతా రోజుల్లో ఆలేరు పక్కన గొర్రెలు మేపుకునే మామూలు మగాడే, కాకపోతే మూతి మీద మీసం ఉండదు. పెళ్లినాడు కూడా పెంచలేదు. అత్తగారు సణిగితే, "ఎల్లుండి ఆట ఉన్నది, మీసంతోని చీర కడ్తే జనం నవ్వరా అత్తా?" అని అడిగాడట.

వాళ్ల ఒగ్గుకథ మేళంలో ఆనవాయితీ అది. పర్వతాలు బావ కురుమయ్య కథ చెబుతాడు. కథలో ఎందరు ఆడవాళ్లుంటే అన్ని వేషాలూ పర్వతాలువే. నాలుగేళ్ల కింద కురుమయ్య సొంతంగా ఓ కొత్త కథ కట్టాడు. కరువు ఏడు మగవాళ్లంతా మందను కోతకు అమ్మేద్దామంటే, సుక్కమ్మ అనే కురుమ ఇల్లాలు మూడు వందల గొర్రెలను ఒంటరిగా కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయి, వానలు పడ్డాక తిరిగి ఊరికి తోలుకొచ్చిన కథ. పేరు 'సుక్కమ్మ మంద'. ఊళ్లలో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. హైదరాబాద్‌లో ఓ ఉత్సవంలో ఆడితే ఒక నాటక కంపెనీ వాళ్లు ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు. ముంబైలో పెద్ద హాల్లో, రంగురంగుల దీపాల కింద, పాతిక మంది వాద్యగాళ్లతో మూడు నెలలు ఆడిస్తామన్నారు.

ఆ ఒప్పందం చదివి వినిపించడానికే అనూహ్య భువనగిరి వచ్చింది. కంపెనీ తరఫు వకీలు. చిట్యాల పిల్ల కాబట్టి మేళం మాట ఆమెకూ, ఆమె మాట మేళానికీ అందుతాయి. గుట్ట కింద ఓ హోటల్ మేడ మీద గదిలో, ఐదు కుర్చీలకు ఎనిమిది మంది సర్దుకుని కూర్చున్నారు.

"అమెరికాల పాటల నాటకాలకు బ్రాడ్వే అని ఒక వీధి ఉంటది పెద్దయ్యా" అంది అనూహ్య. "ఆడ ఆడితే ఇంక పైన మెట్టు లేదన్నట్టు. మనకు గీ ముంబై హాలే బ్రాడ్వే."

పర్వతాలుకు ఆ వీధి సంగతి అక్కర్లేదు. ఆయనకు అప్పటికే ఒక గండం గడిచింది. సుక్కమ్మ వేషానికి కంపెనీ మొదట ఎవరో సినిమా నటిని అనుకుంది. "పర్వతాలు లేకుంటే నా నోట్లె కథ లేదు" అని కురుమయ్య మొండికేసి కూర్చున్నాడు. రెండు నెలలు లాగి లాగి చివరికి కంపెనీయే దిగొచ్చింది. పోస్టరు నమూనా అనూహ్య ఫోన్లో చూపిస్తే, పర్వతాలు తన మొహం తానే పోల్చుకోలేక, "ఎవలు బిడ్డా గీ అమ్మ, మంచిగున్నది" అన్నాడు. గది గొల్లుమంది.

నవ్వులు ఆగాక అనూహ్య అసలు మాట చదివింది. "మొదటి ఆట నాడు ఏ వేషం ఎవలు కడితే, మూడు నెలలు ఆ వేషం ఆళ్లదే. పోస్టరు మీద బొమ్మ గూడ ఆళ్లదే. ఆళ్లకు జరం గిట్ల వస్తే కట్టెతందుకు వేషానికొక మారుమనిషి ఉండాలె. మొదటి ఆట ఉగాది దాటినంక రెండో ఆదివారం, పగటిపూట మూడు గంటలకు. హాలు గా దినమే దొరికింది."

పర్వతాలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గా ఆదివారం ఎర్రగుంటపల్లిల ఆట గదా!"

అనూహ్య కాగితాలు వెనక్కి తిప్పింది. నెల కింద కంపెనీ పంపిన పత్రంలో 'ఈ ఏడు వేరెక్కడైనా ప్రదర్శన ఒప్పుకున్నారా' అన్న ప్రశ్న ఉంది. దాని పక్కన 'లేదు' అని ఉంది. కింద పర్వతాలు సంతకం ఉంది, ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు చూస్తూ.

"లేదని రాయించిండ్రు గదా పెద్దయ్యా?"

"ఒప్పుకున్నవా అని అడిగిండ్రు. ఎర్రగుంటపల్లి నేను ఒప్పుకున్నది కాదు బిడ్డా. నా చేతుల ఆకువక్క పడ్డది."

అనూహ్య మేళం వైపు చూసింది, ఎవరైనా నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. పర్వతాలు అబద్ధం రాయించాడని వాళ్లలో ఒక్కరికీ అనిపించలేదు. ఊరి పెద్దమనిషి వచ్చి తమలపాకులో వక్క పెట్టి ఆటగాడి చేతిలో ఉంచితే, ఆ రోజుకు ఆ మనిషి ఆ ఊరివాడు. దానికి కాగితమూ లేదు, సంతకమూ లేదు. ఇచ్చినవాడు తిరిగి తీసుకుంటే తప్ప పుచ్చుకున్నవాడు మాట మార్చడు. మిగతా ఊళ్ల ఆకువక్క మేళం పెద్దగా కురుమయ్య అందుకుంటాడు. ఎర్రగుంటపల్లిది మాత్రం పర్వతాలు చేతికే వస్తుంది. అలా ఎందుకో మేళంలో అందరికీ తెలుసు.

కరోనా వచ్చిన ఎండాకాలం అది. ఆటలన్నీ ఆగిపోయాయి. పర్వతాలు భార్య దవాఖానాలో ఉంది, గొర్రెలు అప్పటికే అమ్ముడుపోయాయి. ఆమె అక్కడ చేరిన మూడోవారం ఆయన గజ్జెలు మూటగట్టి, ఆలేరులో ఇత్తడి కొనేవాడి దగ్గరికి బయల్దేరాడు. గడప దాటుతుంటే ఎర్రగుంటపల్లి పెద్దమనిషి గురవయ్య సైకిల్ దిగుతున్నాడు, మూతికి తువ్వాల కట్టుకుని. చేతికివ్వకూడని రోజులు కాబట్టి ఆకువక్కను పిట్టగోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

"ఇయ్యేడు ఆట లేదు. వచ్చే ఏటిది ఇప్పుడే ఇస్తున్న" అన్నాడు. మూటలో గజ్జెలు గల్లుమన్నాయి. "గా మూట లోపల పెట్టు. గజ్జెలు లేకుంట ఎట్ల ఆడ్తవు?"

సాయంత్రానికి ఎర్రగుంటపల్లి నుంచి ఆటోలో జొన్నలు, బియ్యం, ఒక కోడి కూడా వచ్చాయి. అన్నం పెట్టినవాళ్లను మనిషి ఎలాగూ మరిచిపోడు. పర్వతాలు గుండెలో నిలిచిపోయింది మాత్రం ఆ పిట్టగోడ మీది ఆకు. నువ్వు ఇంకా ఆటగాడివే అని లోకంలో ఆ వారం ఆయనతో అన్నది అదొక్కటే. ఇప్పటికీ ఆ గోడ మీద సున్నం వేసేటప్పుడు ఆ చోట చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

"మన జాగల మల్లికార్జున్ మేళాన్ని గా ఊరికి తోలుదాం" అన్నాడు కురుమయ్య. "ఆట ఆగదు, నువ్వు ముంబై రా."

"కథ ఏ మేళమన్న చెప్పనీ బావా. సుక్కమ్మను నేనే కట్టాలె. ఆకు నా చేతుల పడ్డది."

"అయితే గురవయ్య మామకు ఫోన్ కొడ్దాం. ఒక్క మాటంటే ఇడిసిపెడ్తడు."

"కొట్టద్దు."

"ఎందుకు కొట్టద్దు?"

"కొట్టద్దంటే కొట్టద్దు" అన్నాడు పర్వతాలు. ఆ గొంతు మేళంలో ఎవరూ అంతకుముందు వినలేదు. కురుమయ్యకు ఒళ్లు మండింది. రెండు నెలలు ఎవరి కోసం కొట్లాడాడో ఆ మనిషే ఇప్పుడు వచ్చిన వేషాన్ని కాలదన్నుకుంటున్నాడాయె. లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అనూహ్య బయటికి వెళ్లి కంపెనీకి ఫోన్ చేసింది. పావుగంటకు తిరిగొచ్చింది. తారీఖు మారదు. పర్వతాలు రాకపోతే మూడు నెలల సుక్కమ్మ వేరొకరు, పర్వతాలు మారుమనిషి. మళ్లీ ఆ సినిమా నటి పేరు బయటికొచ్చింది.

పర్వతాలుకు అరవయ్యొకటో ఏట వచ్చింది ఆ పోస్టరు. ఇంకో అరవయ్యొక్క ఏళ్లు ఆగినా రాదని ఆయనకు తెలుసు. అయినా చెయ్యి ఎత్తి గది మూలకు చూపించాడు.

"నా జాగల మా ఉమ."

ఉమారాణి ఆయన తమ్ముడి బిడ్డ. అంగన్‌వాడీ టీచరు. ఆటలన్నిటికీ తెర పక్కన నోటు పుస్తకం పట్టుకుని కూర్చుని, మరిచిపోయినవాళ్లకు మాట అందిస్తుంది. ఆ మాట వినగానే పుస్తకం ఒళ్లోంచి జారిపోయింది.

కురుమయ్య కిటికీ దగ్గర్నుంచే అరిచాడు. "ఆడిపిల్ల గజ్జె కడ్తదా? మన మేళంల ఎన్నడన్న ఉన్నదా?"

"ఆడిదాని వేషం మొగోన్ని నేను నలభై ఏండ్లు కట్టిన. ఎవడన్న అడ్డమొచ్చిండా? ఆడిదాని వేషం ఆడిది కడ్తే మాత్రం గిప్పుడు ఆనవాయితీ గుర్తొచ్చిందా బావా?"

ఈసారి అనూహ్య నవ్వింది. కురుమయ్య నవ్వలేదు కానీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నాతోని కాదు పెద్దబాపూ" అంది ఉమారాణి.

"నేను మరిచిన కాడల్లా అందిచ్చింది ఎవలు? సగం సుక్కమ్మవు ఎప్పటి సందో నువ్వే. లేచి జర మంద తప్పిన కాడ పాడు బిడ్డా."

ఆమె లేచి, గోడ వైపు తిరిగి, మంద తప్పిన ఘట్టం పాడింది. మొదట గొంతు వణికింది. తప్పిపోయిన గొర్రెను పేరుపెట్టి పిలిచే చోటికి వచ్చేసరికి వణుకు పోయింది. అనూహ్య ఫోన్ ఎత్తి పట్టుకుంది. అవతల కంపెనీవాళ్లు చివరిదాకా మాట్లాడకుండా విని, మళ్లీ ఒకసారి పాడించమన్నారు. కురుమయ్య ఎవరూ చెప్పకుండానే రెండోసారి కథ అందుకున్నాడు. సినిమా నటి పేరు మళ్లీ రాలేదు.

"సంతకం పెట్టే ముందు మీకేమన్న అడిగేది ఉన్నదా?" అని అనూహ్య పర్వతాలును అడిగింది.

"ఒక్కటున్నది. ఊళ్లల ఆట అయినంక చదివింపులు చదువుతం. మాకు పెట్టినోళ్ల పేర్లు జనం ముంగట చెప్తం. ముంబైల గూడ చదవాలె. రోజూ."

"కంపెనీ పేరు, సాయం చేసినోళ్ల పేర్లు చెప్తరు పెద్దయ్యా."

"గవి మీరు చెప్పుకోండ్రి. నేను చెప్పేది ఒక్కటే పేరు. జొన్నలెన్ని పెట్టిండు, బియ్యమెంత పెట్టిండు అనద్దు. ఆకువక్క ఇచ్చిండని, పేరు, ఊరు, గంతే."

మాటకు మాట బేరమాడే కంపెనీ ఆ ఒక్క వాక్యం మీద నాలుగు రోజులు తర్జనభర్జన పడింది. ముంబై జనానికి ఆ పేరు తెలియదన్నారు. తెలియాలనే చెప్పమంటున్నారని అనూహ్య రాసింది. చివరికి అది ఒప్పందంలో పదిహేడో అంశంగా ఎక్కింది. మేళం ముంబై బండి ఎక్కేనాడు పర్వతాలు తన గజ్జెల మూట ఉమారాణి ఒళ్లో పెట్టాడు.

ఆదివారం పొద్దున ఎర్రగుంటపల్లిలో పందిరి కింద పర్వతాలు చీర కట్టుకున్నాడు, మల్లికార్జున్ మేళం దగ్గర అడుక్కున్న గజ్జెలు కట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ముందు వరసలో మంచం మీద కూర్చున్న గురవయ్య చెయ్యెత్తి ఆట ఆపించాడు. ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, చూపు తగ్గింది, చెవులు మాత్రం పామువి.

"గజ్జెలు గవి కావు. అమ్ముకున్నవా?"

"లేదు మామా. ముంబై పోయినయ్."

"నువ్వు లేకుంట గజ్జెలెట్ల పోయినయ్?"

ఇక చెప్పక తప్పలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి పర్వతాలు ఉన్నదంతా చెప్పాడు, ఆ పదిహేడో అంశం ఒక్కటి తప్ప. గురవయ్య మొహం కందగడ్డయింది.

"నీకు తలకాయ ఉన్నదారా? ఒక్క ఫోన్ కొడ్తే అయిపోతుండె. ఆకు వాపసు తీసుకుంటుంటి. మేమేమన్న కాదందుమా?"

"అనరు మామా. అడిగితే ఇడిసిపెడ్తరని తెల్సు. అందుకే అడగలే."

గురవయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"ఆ ఏడు నేను అడగకుంటనే నువ్వు ఆకు తెచ్చిచ్చినవ్" అన్నాడు పర్వతాలు. "గా ఆకుతోనే నేను బతికిన. గిప్పుడు పెద్ద హాలు దొరికిందని దాన్ని వాపసు ఇయ్యమంటవా?"

"ఆడు" అన్నాడు గురవయ్య, తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటూ. "ఎండ ముదరక ముందే ఆడు."

పర్వతాలు ఆడాడు. ముంబైలో ఆడాలని దాచుకున్నదంతా అక్కడే ఖర్చుపెట్టాడు. మంద తప్పిన ఘట్టంలో ఊళ్లోని గొర్రెలు నిజంగానే అరిచాయి, అది మాత్రం ఏ హాల్లోనూ కుదరదు.

పొద్దు వాలుతుండగా ఉమారాణి ఫోన్ చేసింది. "పెద్దబాపూ, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు" అంది, ఏడుస్తూ నవ్వుతూ. పర్వతాలుకు సంతోషమైంది. ఆ చప్పట్లు తన చెవిన పడలేదన్న బాధా కలిగింది. రెండూ నిజమే, రెంటినీ ఆయన దాచుకోలేదు. "నాకు కుళ్లుగున్నది బిడ్డా" అంటే అవతల ఆమె ఇంకా ఏడ్చింది.

తర్వాత ఆమె పంపిన వీడియోను పర్వతాలు చీర విప్పకుండానే గురవయ్య వాకిట్లోకి తెచ్చి, ఆయన చెవి దగ్గర పెట్టాడు. చప్పట్లు సద్దుమణిగాక, ఆ పెద్ద హాల్లో గజ్జెలు ఒకసారి మోగాయి. గురవయ్య తల పైకెత్తాడు. అవి ఏ గజ్జెలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆపైన ఉమారాణి గొంతు చదివింపు చదివింది.

"ఆట ఆగిన ఏడు ఆకువక్క ఇచ్చి మమ్ముల ఆటగాళ్లుగ నిలిపినాయన, యాదాద్రి భువనగిరి జిల్లా, ఎర్రగుంటపల్లి గురవయ్య!"

"ఇంకోసారి పెట్టు" అన్నాడు గురవయ్య. పెట్టాడు. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు.

"దినాం చదువుతరు మామా, మూడు నెలలు. కాయిదం మీద రాయించిన."

గురవయ్య కర్ర పట్టుకుని మెల్లగా లేచి, ఇంట్లోకి పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో తమలపాకు, దాని మీద వక్క ఉన్నాయి.

"వచ్చే ఏటిది" అన్నాడు. "ఆ కంపెనోళ్లు మళ్ల పిలుస్తరేమో. ఏ దినమో అడగవా?"

పర్వతాలు అడగలేదు. కొంగుకు చేతులు తుడుచుకుని, రెండు చేతులూ చాపాడు.