నాలుగక్షరాల పందెం

కర్నూలు రాజధాని అయిన ఏడాది, డోన్‌లో కిరాణా కొట్టు నడిపే రామసుబ్బయ్య కొత్త కోడలితో పందెం కట్టాడు. నాలుగక్షరాల ఇంగ్లీషు మాట చెప్పాలి, అందులో రెండు ‘ఓ’లు ఉండాలి. మాట దొరకనివాళ్లు ఆ పూట మరమరాలతో ఉగ్గాని చేయాలి. భార్య పోయాక ఆయన వంటింటి గడప తొక్కలేదు. తొక్కే ఉద్దేశమూ లేదు.

“ఫుడ్,” అన్నాడు మీసం దువ్వుతూ.

“మూన్,” అంది సుందరలక్ష్మి.

“డోర్.”

“వుల్.”

ఆయనకు ఇంకో మాట తట్టలేదు.

“ఏం మామా, గుటకలు మింగుతాండావు?”

“నవ్వింది చాల్లే. బొరుగులు యాడుండాయో చెప్పు.”

బొరుగులు తడిపి పిండాడు. గుప్పెడు పచ్చిమిరపకాయలు నూరి కలిపాడు. మొదటి ముద్దకే కోడలి కళ్లు చెమ్మగిల్లాయి. చెంబెడు నీళ్లు తాగి దండం పెట్టింది.

“రేపు నేనే ఓడిపోతా మామా!”

రామసుబ్బయ్య మళ్లీ మీసం దువ్వాడు.