ఆరని తువ్వాలు

అక్కుపల్లిలో దేముడమ్మ ఉప్పు కొనదు. మొగుడు ధనరాజు వేటకెళ్లగానే అతని తువ్వాలు వాకిట్లో దండెం మీద వేస్తుంది. అతను నీళ్ల మీద ఉన్నంతసేపూ దాని నుంచి సముద్రపు నీరు కారుతుంది. కింద పెట్టిన పళ్లెంలో పేరుకున్న ఉప్పు కూరకు సరిపోతుంది. అతను ఒడ్డున కాలు పెట్టగానే తువ్వాలు ఆరుతుంది, దేముడమ్మ బియ్యం కడుగుతుంది. ఆమె మావగారి తువ్వాలు మాత్రం ఆయన మునిగిపోయిన రోజు నిలువునా చిరిగింది.

పక్కింటి మోహిని పలాసలో డిగ్రీ చదివి, పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష నేర్చుకుని, మత్స్యకారుల సంఘానికి ఒక పేజీ చేసిపెట్టింది. ఫోన్‌లో పడవ పేరు కొడితే, ఎక్కడో ఉన్న సర్వర్ వరసగా ప్రశ్నలు వేసుకుంటుంది. పడవ ఒడ్డున నమోదైందా? అయితే ‘చేరింది’. కాకపోతే, వెళ్లి మూడు రోజుల లోపేనా? అయితే ‘వేటలో ఉంది’. రెండూ కాకపోతే ‘గల్లంతు’. చూసేవాళ్లకు ప్రశ్నలు కనపడవు, జవాబొక్కటే కనపడుతుంది.

బడిలో పేరు పిలిస్తే పలకని పిల్లను రాలేదనే రాస్తారు. ఆ పిల్ల నీళ్లకుండ దగ్గర ఉండొచ్చు. మోహిని రాసిన చివరి మాట అలాంటిది.

ధనరాజు వెళ్లిన నాలుగో రోజు పొద్దున్న పేజీ ‘గల్లంతు’ అంది. గల్లంతని తేలితే ఇక ఆశ లేనట్టేనని, వెతకడం ఆపెయ్యాలని సంఘం కట్టుబాటు. రావలసిన వేళకు ధనరాజు రాలేదని ముందురోజు నుంచి వెతుకుతున్న పడవల్ని ప్రెసిడెంటు అప్పలస్వామి వెనక్కి రమ్మన్నాడు.

దేముడమ్మ కారుతున్న తువ్వాలు పట్టుకుని సంఘం ఆఫీసుకొచ్చింది.

“ఏటే మోహినీ, మీ మావని గల్లంతని రాసీసినావట?”

“నాను రాయనేదత్తా. ఏ పెస్నకీ అందనోళ్లు అందులో పడిపోతారు.”

“పడితే పైకి తియ్యి. ఈ తువ్వాలు కిందే కదే ఆడుకున్నావు, సదువుకోగానే మర్సిపోనావా?”

అప్పలస్వామి తువ్వాలు కొస పిండి నాలిక్కి తగిలించుకున్నాడు. “ఉప్పగానే ఉంది. మరి కంపూటరు అలాగంటాదేటి?”

“దానికి తువ్వాలు సంగతి సెప్పనేదు మావా.”

మోహిని కూర్చుంది. ‘గల్లంతు’ కింద ఇంకో ప్రశ్న రాసి లాభం లేదు, అక్కడిదాకా వచ్చాక సర్వర్ ఇంకేమీ అడగదు. అందుకని దానికి పైన రాసింది: తువ్వాలు తడిగా ఉందా? అయితే ‘నీటి మీదే ఉన్నాడు, వెతకండి’. తడి, పొడి అని రెండు బటన్లు దేముడమ్మ ఫోన్‌లో పెట్టింది. దేముడమ్మ ‘తడి’ నొక్కింది. పడవలు మళ్లీ కదిలాయి.

మర్నాడు వాన దంచింది. ఇసుక, వలలు, కొబ్బరి మట్టలు అన్నీ నానిపోయాయి. మధ్యాహ్నం ఆ వానలోనే తువ్వాలు ఆరిపోయింది. దేముడమ్మ ‘పొడి’ నొక్కింది. పేజీ ‘గల్లంతు’ అంది.

చూరు కింద నిలబడ్డ మోహిని ఫోను చూసి నాలిక్కరుచుకుంది. “ఒడ్డున పేరు రాయించుకోనేదు కదత్తా. ఇంకో పెస్న ఎట్టాల.”

ఆ వేళకి బారువ ఒడ్డున, ఇంజను చెడిన పడవను తాడుతో లాక్కొచ్చినవాళ్లు ధనరాజుని చెయ్యిచ్చి ఇసుక మీదికి దింపేశారు. ఆ కబురు అక్కుపల్లికి ఇంకా రాలేదు.

“ఎట్టుదువులే,” అంది దేముడమ్మ, ఫోను బోర్లించి. “ముందా బియ్యం కడుగు.”