దయ్యం సినిమాల బోర్డు మీద మనిషి పేరు

నేను ఒక నల్లబోర్డును. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంచులకు టేకు బద్దెలు. మంచిర్యాలలో ఒక వడ్రంగి నన్ను ప్లైవుడ్ ముక్కతో చేసి, రెండు పూతలు నల్లరంగు వేసి, ఆరిన తర్వాత పగుళ్లున్నాయేమోనని వేళ్లతో పదేపదే తడిమి చూశాడు. తన చేతులతో చేసిన వస్తువునే నమ్మని మనిషి. నన్ను తాకిన మొదటి చేతులు అవే. నాకున్న అనుమానపు గుణం అక్కణ్నుంచే అంటిందేమో.

టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ గోడ మీద ఏడాదిన్నర ఉన్నాను. కంప్యూటర్లు వచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. అప్పుడు ఓదెలు నన్ను కొని, బస్సు పైన కట్టి బెల్లంపల్లి తీసుకుపోయాడు. బజారులో అతను కొత్తగా సీడీల దుకాణం పెట్టాడు. షట్టర్ పక్కన మేకు కొట్టి, నా ముఖం రోడ్డు వైపు ఉండేటట్టు తగిలించాడు. ఆ రోజు నుంచి పదేళ్లు నేను చూసిందంతా ఆ రోడ్డూ, పక్కనున్న దుకాణం బల్లా.

ఓదెలుకు ముప్పై అయిదేళ్లుంటాయి. బక్కమనిషి. మాట తక్కువ గానీ సినిమా సంగతి వస్తే ఆపడం కష్టం. అన్ని రకాల సినిమాలూ అద్దెకిచ్చేవాడు కానీ అతని ప్రాణమంతా దయ్యాల సినిమాల మీదే. ఊళ్లో గిరాకీ కూడా వాటికే. మొదటి షిఫ్టు దిగి, మెడ మడతల్లో బొగ్గు ఇంకా పోకముందే గని కార్మికులు వచ్చి, “లేచిన శవాలది ఏమున్నదన్నా, పెద్ద జంతువుది ఏమన్నా వచ్చిందా” అని అడిగేవాళ్లు. రోజంతా భూమి కింద చీకట్లో పనిచేసే మనుషులు డబ్బులిచ్చి మళ్లీ చీకటిని ఎందుకు కొనుక్కుంటారో నాకు బోధపడేది కాదు.

వట్టి దయ్యం సినిమా అంటే ఓదెలుకు నచ్చదు. భయం ఒక్కటే ఉంటే అది గంటసేపటికి పాతబడుతుందని, దానిలో ఇంకొకటి కలవాలని అతని సిద్ధాంతం. అందుకే రోజూ పొద్దున తడిగుడ్డతో నన్ను తుడిచి, సుద్దముక్కతో ఒక సినిమా గురించి రాసేవాడు. “జాంబీలు కావాలా? ఈ సినిమాలో జాంబీలు పెళ్లి బారాత్‌లో కలుస్తయి. నవ్వి నవ్వి భయపడుతరు.” ఇంకో రోజు, “పెద్ద జంతువు సినిమా, కానీ లోపల పోలీసు పరిశోధన. హంతకుడు జంతువు కాదు.” మరో రోజు, “లైట్‌హౌస్ కాపలాదారుకు, సముద్రంలో రాక్షసికి దోస్తీ. కర్చీఫ్ తెచ్చుకోండ్రి.” వచ్చినవాళ్లు మొదట గొణిగేవాళ్లు. శవాలు కావాలంటే పాటలిస్తావేందని పోట్లాడేవాళ్లు. మర్నాడు వచ్చి అసువంటిదే ఇంకొకటి అడిగేవాళ్లు. సాయంత్రాలు ఓదెలు దుకాణం టీవీలో సినిమా వేస్తే గుమిగూడి చూసి, దయ్యం చచ్చే చోట చప్పట్లు కొట్టేవాళ్లు.

ఈ పనిలో అతనికి సాయం రోడ్డవతల ఉండే సరోజన. నలభై దాటిన మనిషి. మిషను మీద జాకెట్లు, లంగాలు కుట్టేది. ఒంటరిగా ఉండేది. ఓదెలు తెచ్చిన ప్రతి కొత్త సినిమా ముందు ఆమె చేతికే పోయేది. చూసి వచ్చి, ఇది సగం ప్రేమకథ తమ్మీ, భయం కోసం వచ్చేటోళ్లకు ఇయ్యకు, ఇది మాత్రం ముసలోళ్లకు కూడా నచ్చుతది అని చెప్పేది. నా మీద ఓదెలు రాసిన మాటల్లో సగం ఆమెవే. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

2003 వానాకాలంలో గొడవ మొదలైంది.

పోశం అని బొగ్గుబావిలో బొగ్గు నింపిన టబ్బులు తోసే కార్మికుడు ఒక సినిమా తిరిగి తెచ్చి బల్ల మీద పడేశాడు. ఊరి జనమంతా కాగడాలు పట్టుకొని జంతువును చుట్టుముట్టే దగ్గర బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయిందన్నాడు. అప్పట్లో ఒక సినిమా రెండు సీడీల్లో వచ్చేది. ఓదెలు రెండో సీడీని ఎండకు పట్టి చూశాడు. వెనకవైపు, అంచు వెంబడి, సన్నటి గీతలు గుండ్రంగా ఉన్నాయి. సినిమా చివరి పది నిమిషాలు ఉండేది సరిగ్గా ఆ అంచులోనే. చేయిజారి పడితే పడే గీతలు కావవి. ఎవరో ఓపికగా సూదిమొనతో గీశారు.

వారం తిరగకముందే ఇంకొకటి అట్లాగే వచ్చింది. తర్వాత మూడోది. అన్నిటిలోనూ దెబ్బ ఒకే చోట. జాంబీనో జంతువునో జనం గుంపుగా చేరి చంపే చోట. ఓదెలుకు తిండి సయించలేదు. సీడీ తీసుకుపోయేవాళ్ల చేతుల వైపు, గోళ్ల వైపు చూడడం మొదలుపెట్టాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వాడా అని ఆలోచించేవాడు. ఒకరు సీడీ తిరిగిచ్చేటప్పుడు ఇంకొకరు భుజం మీదుగా తొంగిచూసేవాళ్లు. పాత స్నేహితులు కూడా, నాకంటే ముందు ఎవరు తీసుకుపోయిండ్రో అది అడుగు అని విడివిడిగా వచ్చి చెవిలో చెప్పిపోయేవాళ్లు.

పాడైన సినిమాలన్నీ తీసుకుపోయిన మనుషులు ఇద్దరే తేలారు. ఒకరు సరోజన. ఆమె పేరు ఓదెలు మనసులోకి రానే లేదు. రెండోవాడు గట్టయ్య. పశువుల దవాఖానలో కాంపౌండరు. ఆసిఫాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలైంది. ఎవరితోనూ కలవడు. రోడ్డున పోతూ నా మీద రాసింది రెండుసార్లు చదివి, తలూపి, అదే సినిమా అడిగి తీసుకుపోతాడు. పైగా అతని సంచిలో ఎప్పుడూ సూదులుంటాయి.

పశువుల సూది అందరికీ కనిపించింది. రోడ్డవతల రోజంతా కదిలే మిషను సూది ఎవరికీ కనిపించలేదు. నిజం చెప్పాలి, నేను కూడా గట్టయ్యనే అనుమానించాను. ఒకరోజు మధ్యాహ్నం సరోజన ఒళ్లో గుండ్రంగా ఏదో తళుక్కుమనడం చూశాను. అద్దం అనుకుని ఊరుకున్నాను.

ఒక గురువారం ఓదెలు నన్ను తుడిచి, సినిమా పేరు రాయలేదు. సుద్దముక్క పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పెద్ద అక్షరాలతో రాశాడు. “పశువుల దవాఖాన గట్టయ్యకు సీడీలు ఇవ్వబడవు.” నా మీద మనిషి పేరు రాయడం అదే మొదలు. మర్నాడు పొద్దున దాన్ని తుడవలేదు కూడా.

గట్టయ్య సాయంత్రం వచ్చాడు. అలవాటుగా రెండుసార్లు చదివాడు. ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఏ తప్పూ లేనివాడైతే అడగడా అన్నాడు పోశం. అందరూ అవునన్నారు. అడిగి ఉంటే, తప్పు చేసినవాడే గొంతు పెంచుతాడని అనేవాళ్లని నాకిప్పుడు అనిపిస్తుంది.

నాలుగు రోజులకు పోశం బర్రె జబ్బుపడింది. గట్టయ్య వచ్చి సూది వేశాడు. తెల్లవారేసరికి బర్రె చచ్చింది. దాంతో మాట మారిపోయింది. అంతవరకూ సీడీలు గీకేవాడు. ఇప్పుడు బాణామతితో ప్రాణాలు తీసే మంత్రగాడయ్యాడు. దయ్యం చచ్చే చోటనే గీకాడంటే దయ్యాన్ని చావనియ్యడనే కదా అని ఒకరన్నారు. అతని గదిలో నిమ్మకాయలు చూశామని ఇంకొకరన్నారు. అన్నంలోకి పిండుకొని ఉంటాడని ఎవరికీ తట్టలేదు. సాక్ష్యం కావలసినవాళ్లు నన్ను చూపించారు. బోర్డు మీదనే రాసి ఉంది కదా అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక, షిఫ్టు దిగిన మనుషులు పాతికమంది దాకా దుకాణం ముందు పోగయ్యారు. పోశం చేతిలో వెదురుకర్ర ఉంది. గట్టయ్య గది అక్కణ్నుంచి నాలుగు సందుల దూరం. ఓదెలు బల్ల వెనక నిలబడి, ఊరికే భయపెట్టి రండి, చెయ్యి చేసుకోకండి అని సన్నగా అంటున్నాడు. ఎవరూ వినలేదు. తను మొదలుపెట్టింది ఎంతదూరం వచ్చిందో అతని ముఖంలో కనిపించింది. కానీ బల్ల దాటి ముందుకు రాలేదు.

అప్పుడు మిషను చప్పుడు ఆగింది. సరోజన రోడ్డు దాటి వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా, మేకుకు వేలాడే తడిగుడ్డ తీసి, గట్టయ్య పేరు తుడిచేసింది. సుద్దముక్క అందుకుని ఆ చోట తన పేరు రాసింది. ఆమె గట్టిగా నొక్కి రాస్తుంటే సుద్ద నా మీద కీచుమంది.

“గీకింది నేను,” అంది. “ఇగ ఎటు పోతరో పోండ్రి.”

పోశం తల అడ్డంగా ఊపాడు. “నువ్వెందుకు గీకుతవక్కా. ఆయన్ను కాపాడనీకె చెప్తున్నవ్.”

మనుషుల అనుమానం ఎంత విచిత్రమో ఆ రోజు తెలిసింది. ఒక్క మాటా అనకుండా వెళ్లినవాణ్ని నమ్మలేదు సరే, తనే చేశానన్న ఆమెను కూడా నమ్మలేదు. ఆ కాంపౌండరుకూ ఈమెకూ ఏముందోనని వెనక ఎవరో గొణిగారు కూడా.

సరోజన దుకాణంలోకి పోయి బల్ల మీదున్న సీడీ ఒకటి తీసుకుంది. అంచులు మాత్రమే పట్టుకొని తిరగేసింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, మొన ఆనించి, సీడీని మెల్లగా తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఆరు చుట్లు. కాజా కుట్టినంత నేర్పుగా. ఓదెలు పాడైన సీడీ తెచ్చి పక్కన పెట్టి చూశాడు. రెండిటి మీదా గీతలు ఒకే తీరుగా ఉన్నాయి.

“ఎందుకక్కా?” అన్నాడు.

ఆమె గడప మీద కూర్చుంది. తన తండ్రి పశువులకు చెట్లమందు పోసేవాడని చెప్పింది. చెన్నూరు అవతల ఒక పల్లె. ఒక ఎండాకాలం ఊళ్లో వరసగా నాలుగు ఎద్దులు చచ్చిపోయాయి. మందు పోసినవాడే బాణామతి చేశాడని ఎవరో అన్నారు. పట్టపగలు ఇంటి మీదకు వచ్చారు. ఆమెకప్పుడు పన్నెండేళ్లు. వడ్ల గుమ్మి వెనక దాక్కుంది.

“నాకు కనవడలే. ఇనవడ్డది అంతే,” అంది. “మా నాయిన పానం పోయినంక చప్పట్లు గొట్టిండ్రు. మీరు ఈ టీవీ ముంగట గొడతరు సూడుండ్రి, గట్లనే. మిషను కాడ కూసుంటే రోజు ఇనవడుతది. దయ్యాల సిన్మాలు నాకిష్టమే. అండ్ల దయ్యం మీద నాకేం కోపం లేదు. ఆఖరికి గుంపు వస్తది సూడు, గా ముక్క ఎవ్వరు సూడొద్దని గీకిన.”

పోశం చేతిలో కర్ర ఏం చేయాలో తెలియక అటూ ఇటూ మార్చుకున్నాడు. చివరికి దాన్ని గోడకు ఆనించి, ఒక్కడే ఇంటివైపు నడిచాడు. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తలో సందులోకి జారుకున్నారు. ఆమె పేరు నా మీద సాయంత్రం దాకా అట్లాగే ఉంది. తుడవడానికి ఓదెలుకు చేతులు రాలేదు. చివరికి ఆమే వచ్చి తుడుచుకుంది.

రెండు రోజుల తర్వాత గట్టయ్య వచ్చాడు. పేరు రాయకముందు తీసుకుపోయిన సినిమా ఒకటి అతని దగ్గర ఉండిపోయింది. అది తిరిగివ్వడానికి వచ్చాడు. ఓదెలు లేచి నిలబడ్డాడు. రెండు రోజులుగా ఏమి చెప్పాలో తనలో తాను గొణుక్కుంటూ ఉండడం నేను విన్నాను. సీడీ అందుకున్నాడు. నోరు తెరిచాడు. ఇంతలో అతని చేతులు అలవాటు ప్రకారం డబ్బా విప్పి, రెండో సీడీ తీసి, తిరగేసి, ఎండకు పట్టాయి.

గట్టయ్య చూస్తూ నిలబడ్డాడు. ఓదెలుకు తను చేస్తున్నది తెలిసేసరికి ఆలస్యమైపోయింది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“మంచిగ చూస్కోండ్రి సార్,” అన్నాడు గట్టయ్య. “నేను ఆగుత.”

అంతే. ఓదెలు తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. గట్టయ్య రోడ్డు దాటి, సరోజన కొట్టు ముందు నిమిషంసేపు నిలబడి ఆమెతో ఏదో చెప్పాడు. ఆమె లేచి నిలబడి వింది. ఏం చెప్పాడో నాకు వినిపించలేదు. ఆ తర్వాత నెలలోపే అడిగి బదిలీ చేయించుకుని ఊరు వదిలి వెళ్లాడని తెలిసింది.

ఓదెలు మారాడని అంటే సగమే నిజం. సీడీలను ఎండకు పట్టి చూడడం మానలేదు, సరోజనవి కూడా. అది గ్రహించి ఆమె తనే ముందు ఎండకు పట్టి చూపించి ఇచ్చేది. కానీ నా మీద రాసే మాటలకు అతను ఒక వాక్యం చేర్చాడు. “జాంబీలున్నయి, పాటలున్నయి, చివరికి ఎవర్నీ చంపరు.” లేకపోతే, “మంచి సినిమా, కానీ ఆఖర్ల గుంపు వస్తది. ఇష్టం లేనోళ్లు రెండో సీడీ సగంల ఆపుకోండ్రి.” కథంతా ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తామని గిరాకీలు తిట్టుకున్నారు. కొందరు బస్టాండ్ దగ్గర కొట్టుకు మారారు. అతను రాయడం మానలేదు. చంపని సినిమాల కోసం వెతికి వెతికి, హైదరాబాద్ దాకా పోయి తెచ్చేవాడు. సరోజన వాటిని ఆఖరు దాకా చూసేది. మిషను దగ్గర కూర్చుని కథ మొదటి నుంచి చివరి వరకు అతనికి చెబుతుంటే, ఓదెలు తను చూసిన సినిమానే కొత్తగా వినేవాడు.

తర్వాత ఫోన్లలోకి సినిమాలు వచ్చాయి. ఓదెలు దుకాణం మూసి కరెంటు సామాన్ల కొట్టులో పనికి కుదిరాడు. సరోజన కళ్లు మసకబారి, సూదిలో దారం ఎక్కించలేక మిషను అమ్మేసింది. నేను పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. ఇప్పుడు ఒక ఫ్రిజ్ తలుపుకూ తుప్పు పట్టిన షట్టర్ ముక్కకూ మధ్య ఆనుకుని ఉన్నాను. నా రంగు పొలుసులుగా లేస్తోంది.

నిన్న మధ్యాహ్నం కొట్టు యజమాని దగ్గరికి ఎవరో వచ్చి, నీ పనివాళ్లలో ఒకడు రాగితీగె పట్టుకుపోతున్నాడని చెప్పి వెళ్లారు. పేరు కూడా చెప్పారు. యజమాని చాలాసేపు బీడీ కాల్చాడు. లేచి వచ్చి నా మీది దుమ్ము చేత్తో తుడిచాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. పనివాళ్లు ముగ్గురూ పని ఆపి చూస్తున్నారు. అతను సుద్ద ఆనించి, తీసి, వాళ్ల వైపు ఒకసారి తిరిగి చూసి, మళ్లీ ఆనించాడు.

“రేపు కొట్టు బంద్” అని రాశాడు.

ముగ్గురూ మళ్లీ పనిలో పడ్డారు. నేను మాత్రం అతని చేతినే చూస్తున్నాను. సుద్దముక్కను అతను ఇంకా జేబులో పెట్టుకోలేదు.